నేతగాడి కొడుకు కార్నెగీ – ఊరి పన్నుతో నడిచే గ్రంథాలయం



సమాఖ్య వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమని నన్ను అడిగారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. చేనేత సహకార సంఘంలో సెక్రటరీగా నూలు లెక్క, చీరల లెక్క, కూలి లెక్క రాయడమే నా రాత. వ్యాసం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోండి.

మార్కండేయ మహర్షి గురించి, దేవల మహర్షి గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం దూరదేశపు మనిషి కథ రాస్తున్నాను. ఆయన మన కులంవాడు కాదు, మన దేశంవాడూ కాదు. కానీ చేమగ్గం మీద బతికే ఇంట్లో పుట్టాడు. మగ్గం ఆగిపోతే ఇల్లు ఏమవుతుందో చిన్నప్పుడే కళ్లారా చూశాడు. ఆయన పేరు ఆండ్రూ కార్నెగీ.

ఆయన గురించి ఎందుకు రాయాలనిపించిందో చెప్తాను. మొన్న ఇంటి పన్ను కట్టడానికి వెళ్లాను. రసీదులో ఇంటి పన్ను కింద ఇంకో వరుస ఉంది, నూలగ వరి అని. ఇన్నేళ్లుగా కడుతున్నాను గానీ ఆ వరుస ఎన్నడూ చదవలేదు. మా తమిళనాడులో ఉన్నవాళ్లకు తెలిసిందే, అరవంలో నూల్ అంటే మన నూలే, దారం. నూల్ అంటే పుస్తకం కూడా. నూలగం అంటే గ్రంథాలయం. ఇంటికొచ్చి ఆ మాట చదివితే మా అమ్మ నూలు మీద మళ్లీ పన్ను వేశారా అని కంగారు పడింది. కాదమ్మా, పుస్తకాల మీద అన్నాను. ఎవరు చదువుతున్నారని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసమే మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ అరవంలో కార్నెగీ జీవితం దొరికింది. మిగతా సంగతులు మా మనవరాలు ఇంగ్లీషులో చదివి చెప్పింది.

మగ్గం ఇల్లు

ఆండ్రూ కార్నెగీ 1835 నవంబరు 25న స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి విలియం నేతగాడు. తల్లి మార్గరెట్ చెప్పులు కుట్టే ఇంటి ఆడబిడ్డ. వాళ్లది చిన్న ఇల్లు. కింద మగ్గం, పైన కాపురం. మన ఇళ్లలో గుంట మగ్గం పక్కనే పొయ్యి, పొయ్యి పక్కనే ఉయ్యాల ఉన్నట్టే అనుకోండి.

ఆ ఊరు డమాస్కు నేతకు పేరు పడ్డది. అవిసె నార దారంతో, బల్లల మీద పరిచే గుడ్డలు, అందులోనే పువ్వులు, లతలు పడేలా నేసేవారు. పనితనం తెలిసినవాడు తప్ప నేయలేడు. గిరాకీ బాగున్న రోజుల్లో విలియం పెద్ద ఇంటికి మారి, ఇంకొన్ని మగ్గాలు వేసి మనుషుల్ని పెట్టుకున్నాడు.

ఆ నేతగాళ్లకు చదువంటే ఇష్టం. పని చేస్తూ రాజకీయాలు మాట్లాడేవారు, పేపరు ఒకడు చదివితే పదిమంది వినేవారు. విలియం, ఇంకా కొద్దిమంది నేతగాళ్లు కలిసి, తలా ఒకరి దగ్గర ఉన్న నాలుగు పుస్తకాలు ఒకచోట చేర్చి, ఊరివాళ్లకు చదువుకోవడానికి ఇచ్చేవారు. ఆ ఊళ్లో ఇంటికి పుస్తకం ఇచ్చిన మొదటి గ్రంథాలయం అదేనని కార్నెగీ తర్వాత రోజుల్లో తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అది పెరిగిన కొద్దీ చోటు మారాల్సి వచ్చింది. మొదటిసారి మగ్గాల ఇంటి నుంచి ఇంకో చోటికి మార్చినప్పుడు పుస్తకాలను ఒడిలో కట్టుకున్న గుడ్డల్లో, బొగ్గులు మోసే డబ్బాల్లో వేసుకుని మోశారట. నాకు ఈ కథ మొత్తంలో మనసుకు పట్టిన ముక్క ఇదే. లక్షలు ఇచ్చిన దాత కంటే ముందు బొగ్గు డబ్బాలో పుస్తకాలు మోసిన నేతగాళ్లు ఉన్నారు.

1847లో ఆ ఊరికి ఆవిరి మగ్గాల మిల్లు వచ్చింది. ఆ తర్వాత జరిగింది మనకెవరూ చెప్పక్కర్లేదు. పవర్‌లూమ్ వచ్చినప్పుడు మన వీధుల్లో ఏం జరిగిందో అదే జరిగింది. విలియంకు పని తగ్గింది, తర్వాత పూర్తిగా ఆగింది. తల్లి చిన్న అంగడి పెట్టింది, రాత్రిళ్లు చెప్పులు కుట్టింది. ఇంటి కర్చు ఆమె చేతి మీద నడిచింది. చివరికి మగ్గాలు వేలం వేశారు. నేసే పని లేని ఊళ్లో మగ్గం ఎవరు కొంటారు? వచ్చిన డబ్బు ఓడ చార్జీలకు చాలలేదు. తెలిసినావిడ దగ్గర 20 పౌండ్లు అప్పు తీసుకుని 1848లో అమెరికా ఓడ ఎక్కారు. ఆండ్రూకు అప్పటికి పన్నెండేళ్లు, తమ్ముడు టామ్ అయిదేళ్లవాడు.

శనివారం పుస్తకం

వాళ్లు చేరింది పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలెగెనీ అనే ఊరు. నది దాటితే పిట్స్‌బర్గ్. అక్కడ ముందే చేరిన బంధువులు ఉన్నారు. విలియం అక్కడా బల్ల గుడ్డలు నేసి ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. నేసినవాడే మూట భుజాన వేసుకుని అమ్ముకోవడం మన తాతలకు తెలిసిన కష్టమే. అది గిట్టక నూలు మిల్లులో కూలికి చేరాడు. కొడుకూ అదే మిల్లులో కండెలు అందించే పనికి చేరాడు. వారానికి 1 డాలరు 20 సెంట్లు. తెల్లవారక ముందు వెళ్లి చీకటి పడ్డాక రావడం. తర్వాత కండెలు తయారుచేసే ఇంకో ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని, వారానికి 2 డాలర్లు. ఆవిరి ఎక్కువైతే పేలిపోతుందేమోనని ఆ పిల్లాడికి నిద్రలో కూడా బాయిలరే కలలోకి వచ్చేదట.

ఆ తర్వాత తంతి ఆఫీసులో తంతులు మోసే కుర్రాడిగా వారానికి రెండున్నర డాలర్లకు చేరాడు. అక్కడే తంతి కొట్టడం నేర్చుకున్నాడు. బడి అయితే లేదు. స్కాట్లండులో చదివిన నాలుగైదేళ్లే ఆయన చదువు. నా ఎనిమిదో తరగతి కంటే తక్కువే.

ఆ ఊళ్లో కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. తన ఇంట్లో ఉన్న 400 దాకా పుస్తకాలను పనిచేసే కుర్రాళ్ల కోసం తెరిచాడు. శనివారం వచ్చి ఒక పుస్తకం తీసుకెళ్లాలి, మళ్లీ శనివారం తెచ్చి ఇచ్చి ఇంకోటి తీసుకోవాలి. ఆండ్రూకు వారం అంతా ఆ శనివారం కోసమే ఎదురుచూపు. చరిత్ర, వ్యాసాలు, నాటకాలు, అన్నీ ఆ పుస్తకాల్లోనే చదువుకున్నాడు.

కొన్నాళ్లకు ఆ గ్రంథాలయం పెద్దదై వేరే చోటికి మారింది. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. పని నేర్చుకుంటూ ఒప్పందం మీద ఉన్న కుర్రాళ్లకే ఉచితం, మిగతావాళ్లు ఏడాదికి 2 డాలర్లు కట్టాలి అన్నారు. తంతి కుర్రాడు ఆ లెక్కలోకి రాడు. ఆండ్రూ ఊరుకోలేదు. 1853లో, పదిహేడేళ్ల వయసులో, పేపరుకు ఉత్తరం రాశాడు. పేరు పెట్టకుండా పనిచేసే కుర్రాడు అని సంతకం పెట్టాడు. దాత ఉద్దేశం కూలి చేసే పిల్లలందరికీ అని వాదించాడు. కమిటీవాళ్లు దిగొచ్చి రూలు మార్చారు.

ఇది చిన్న సంగతి అనుకోవద్దు. ఒకరి దయ మీద తెరిచిన తలుపు ఎప్పుడైనా మూసుకోవచ్చని ఆ కుర్రాడికి ఆ రోజే తెలిసింది.

ఉక్కు, డబ్బు, ఒక మచ్చ

అదే 1853లో రైల్వే కంపెనీలో నెలకు 35 డాలర్ల జీతానికి చేరాడు. రెండేళ్లకు తండ్రి చనిపోయాడు. విలియం మగ్గం పోయిన మనిషిగానే పోయాడు, కొడుకు వైభోగం చూడలేదు. ఇక్కడి నుంచి కార్నెగీ ఎదుగుదల అందరికీ తెలిసిందే గనక త్వరగా చెప్తాను. రైల్వేలో పై ఉద్యోగం, షేర్లు, ఇనుప వంతెనలు, ఆ తర్వాత ఉక్కు. 1875లో పిట్స్‌బర్గ్ పక్కన బ్రాడక్ అనే చోట పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. 1883లో హోమ్‌స్టెడ్ ఫ్యాక్టరీ కొన్నాడు. 1901లో అంతా అమ్మేసినప్పుడు కంపెనీకి వచ్చిన ధర 48 కోట్ల డాలర్లు. అందులో ఆయన వాటా దాదాపు 22 కోట్ల 50 లక్షలు.

జీవితం రాసేటప్పుడు మంచి ఒక్కటే రాస్తే అది పొగడ్త అవుతుంది. కార్నెగీ మీద ఒక మచ్చ ఉంది. అది పనివాళ్ల రక్తం మచ్చ గనక మనలాంటి వాళ్లు తప్పక తెలుసుకోవాలి.

1892లో హోమ్‌స్టెడ్ ఫ్యాక్టరీలో కూలి తగ్గిస్తామన్నారు. యూనియన్ ఒప్పుకోలేదు. కార్నెగీ స్కాట్లండులో ఉండి, పగ్గాలు హెన్రీ ఫ్రిక్ అనే భాగస్వామికి ఇచ్చాడు. ఫ్రిక్ ఫ్యాక్టరీ మూసి, పింకర్టన్ కంపెనీ నుంచి 300 మంది తుపాకుల కాపలావాళ్లను రాత్రికి రాత్రి నది మీద తెప్పించాడు. జూలై 6న కాల్పులు జరిగాయి. రెండు పక్షాలా కలిపి పదిమంది దాకా చనిపోయారు. తర్వాత రాష్ట్ర సైన్యం వచ్చింది. యూనియన్ విరిగిపోయింది. పనివాళ్లు రోజుకు 12 గంటలు, తగ్గిన కూలికి పనిచేశారు. అంతకు ఆరేళ్ల ముందు యూనియన్ పెట్టుకోవడం కార్మికుల హక్కని పత్రికలో రాసిన మనిషి ఈయనే.

1898లో అదే హోమ్‌స్టెడ్‌లో కార్నెగీ గ్రంథాలయం తెరిచాడు. 12 గంటలు కొలిమి దగ్గర నిలబడ్డవాడు ఇంటికొచ్చి పుస్తకం ఎట్లా పట్టుకుంటాడని పనివాళ్లు అడిగారు. మా కూలి మాకు ఇస్తే మా గ్రంథాలయం మేమే కట్టుకుంటాం కదా అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. మగ్గం మీద కూర్చునేవాడిగా నేను వాళ్ల పక్కనే ఉంటాను. ఆయన ఇచ్చిన దానం మంచిదే. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోవద్దని మాత్రం అంటాను.

కట్టడం ఆయనది, ఏటేటి కర్చు ఊరిది

ఇక అసలు సంగతి. కార్నెగీ మొదటి గ్రంథాలయం సొంత ఊరు డన్‌ఫర్మ్‌లిన్‌కే ఇచ్చాడు. 8,000 పౌండ్లు. 1881లో తల్లి చేత పునాది రాయి వేయించాడు. 1883లో తెరిచారు. తలుపు మీద ఉదయించే సూర్యుణ్ణి చెక్కించాడు. తండ్రి, స్నేహితులు బొగ్గు డబ్బాలో పుస్తకాలు మోసిన ఊళ్లోనే అది జరిగింది.

అడిగితే చాలు డబ్బు ఇచ్చేస్తాడని అందరూ అనుకున్నారు. అట్లా ఇవ్వలేదు. కట్టడానికి డబ్బు నేనిస్తాను, స్థలం ఊరు ఇవ్వాలి, ఏటేటా నడిపే కర్చు ఊరే పన్ను వేసుకుని భరించాలి అన్నది ఆయన షరతు. తర్వాత తర్వాత అది ఒక లెక్కగా నిలిచింది. కట్టడానికి ఎంత ఇస్తే అందులో పదో వంతు ప్రతి ఏడూ ఊరు ఇస్తానని తీర్మానం చేసి పంపాలి. పదివేల డాలర్ల గ్రంథాలయానికి ఏడాదికి వెయ్యి డాలర్లు. లైబ్రేరియన్ జీతం, కొత్త పుస్తకాలు, దీపాలు, బొగ్గు అన్నీ అందులోనే.

ఈ పన్ను ఆయన కనిపెట్టింది కాదు. 1850లోనే ఇంగ్లండులో విలియం యూవర్ట్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి గ్రంథాలయ చట్టం తెచ్చాడు. మొదట ఆస్తి విలువలో పౌండుకు అర పెన్నీ, 1855లో ఒక పెన్నీ దాకా పన్ను వేసుకోవచ్చన్నారు. పౌండుకు 240 పెన్నీలు. అంటే 240లో ఒక వంతు. అంత చిన్న పన్నుకే ఎంత గొడవ! చదవనివాడు చదివేవాడి కోసం ఎందుకు కట్టాలి అన్నారు. పనివాళ్లు చదివితే తిరగబడతారు అన్నవాళ్లూ ఉన్నారు. ఊరుఊరునా మీటింగులు, ఓట్లు. ఎడిన్‌బరో నగరం ముందు వద్దని ఓటేసింది. 1886లో కార్నెగీ 50,000 పౌండ్లు ఇస్తానన్నాక ఒప్పుకుంది.

అమెరికాలోనూ అంతే. 1881లో పిట్స్‌బర్గ్‌కు రెండున్నర లక్షల డాలర్లు ఇస్తానంటే, గ్రంథాలయానికి పన్ను డబ్బు కర్చు పెట్టే అధికారం చట్టంలో లేదని నగరం తీసుకోలేదు. చట్టం మారాక, 1890లో ఆయన పది లక్షలకు పెంచాడు, నగరం ఏడాదికి 40,000 డాలర్లు ఇస్తానంది. పక్కన అలెగెనీ గ్రంథాలయం 1890లోనే తెరిచారు. దాని ముందర తర్వాత కర్నల్ ఆండర్సన్‌కు స్మారకం కట్టించాడు. అందులో దాగలి మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్న పనివాడి బొమ్మ ఉంది.

వద్దన్న ఊళ్లూ ఉన్నాయి. వెస్ట్ వర్జీనియాలో వీలింగ్ అనే ఊరివాళ్లు 1904లో ఓటులో ఓడించారు. హోమ్‌స్టెడ్‌ను మరవని యూనియన్‌వాళ్లు ఇంటింటికీ తిరిగి ప్రచారం చేశారు. అట్లాగని వాళ్లు చదువుకు శత్రువులు కారు. కొన్నేళ్లకు తమ సొంత డబ్బుతోనే గ్రంథాలయం కట్టుకున్నారు. ఇంకో తప్పు కూడా జరిగింది. అట్లాంటాలో 1902లో తెరిచిన కార్నెగీ గ్రంథాలయంలోకి నల్లవాళ్లను రానివ్వలేదు. పన్ను వాళ్లూ కడుతున్నారు, తలుపు మాత్రం వాళ్లకు మూత. డు బాయిస్ అనే పండితుడు వెళ్లి నిలదీశాడు. అందరి డబ్బుతో నడిచేది అందరిదీ కాకపోతే ఆ పన్నుకు అర్థమే లేదు.

అన్నీ కలిపి లోకం మీద కార్నెగీ డబ్బుతో లేచిన గ్రంథాలయాలు 2,509. అందులో 1,600కు పైగా అమెరికాలోనే. 1919 ఆగస్టు 11న ఆయన చనిపోయే నాటికి ఆస్తిలో చాలా భాగం దానం చేసేశాడు.

రెండు ఊళ్ల కథ

ఆయన షరతు సరైనదో కాదో తెలుసుకోవాలంటే రెండు ఊళ్లు చూస్తే చాలు. బ్రాడక్ ఆయన ఫ్యాక్టరీ ఉన్న ఊరు. అక్కడ 1889లో అమెరికాలోనే మొదటి కార్నెగీ గ్రంథాలయం తెరిచాడు. ఇక్కడ మాత్రం పన్ను షరతు పెట్టలేదు, నడపడానికి కూడా తనే డబ్బు కేటాయించాడు. తర్వాత రోజుల్లో ఉక్కు పని తగ్గింది, జనం వలస పోయారు, డబ్బు అడుగంటింది. 1974లో గ్రంథాలయం మూతపడింది. కూల్చకుండా కాపాడి, కొంతకొంతగా మళ్లీ తెరవడానికి స్థానికులు ఏళ్ల తరబడి పాటుపడాల్సి వచ్చింది.

రెండోది పిట్స్‌బర్గ్. ఆండ్రూ తంతులు మోసిన ఊరు. అక్కడా డబ్బు కటకట వచ్చింది, శాఖలు మూస్తామన్నారు. అప్పుడు జనమే సంతకాలు సేకరించి 2011 నవంబరులో ఆస్తి పన్ను మీద గ్రంథాలయానికి అదనంగా కొంచెం వేసుకుంటామని ఓటు పెట్టారు. లక్ష డాలర్ల ఇంటికి ఏడాదికి 25 డాలర్లు. కష్టకాలం, పన్ను పెంచమంటే ఎవరు ఒప్పుకుంటారు అనుకున్నారు. నూటికి 72 మంది దాకా సరే అన్నారు. శాఖలు నిలిచాయి.

దానం ఒకసారి వస్తుంది. పన్ను ఏటేటా వస్తుంది. గ్రంథాలయానికి ఏటేటా వచ్చేదే కావాలి.

మన రసీదులో ఆ వరుస ఎట్లా వచ్చింది

1924లో మదరాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా ఎస్.ఆర్. రంగనాథన్ గారు చేరారు. పని నేర్చుకోవడానికి లండన్ వెళ్లారు. ఆయన చదివిన ఆ లైబ్రరీ బడి 1919లో కార్నెగీ ట్రస్టు డబ్బు సాయంతోనే మొదలైంది. ఊరి పన్నుతో నడిచే గ్రంథాలయాలను రంగనాథన్ గారు అక్కడ కళ్లారా చూశారు. తిరిగొచ్చి ఇరవై ఏళ్లకు పైగా చట్టం కోసం తిరిగారు. స్వతంత్రం వచ్చాక, అవినాశిలింగం చెట్టియార్ విద్యామంత్రిగా ఉండగా, 1948లో మదరాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటి పన్ను రూపాయికి అర్ధణా సెస్సు. ఆ అర్ధణాయే ఇప్పుడు మా తమిళనాడులో రూపాయికి 10 పైసలు. 500 రూపాయల ఇంటి పన్ను కట్టేవాడు 50 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నట్టు.

ఆంధ్రలో 1960 చట్టం ప్రకారం ఇప్పుడు రూపాయికి 8 పైసలు. కర్ణాటకలో 1965 చట్టం ఉంది, అక్కడా సెస్సు ఉంది. మహారాష్ట్రలో 1967 చట్టం, ఒడిశాలో 2001 చట్టం వచ్చాయి గానీ వాటిలో సెస్సు పెట్టలేదు. షోలాపూర్, భివండిలోని మనవాళ్లు, బరంపురం మనవాళ్లు ఈ తేడా గమనించాలి. సెస్సు ఉన్నచోట మనం అడగడానికి రసీదు ఉంది. మా డబ్బు ఏమైంది, మా నేతగాళ్ల వీధికి శాఖ ఎందుకు లేదు, తెలుగు పుస్తకాలు ఎందుకు లేవు అని రసీదు పట్టుకుని అడగొచ్చు. మనం ఎంతమంది అడిగాం? నేనూ అడగలేదు.

మా సొసైటీ సంగతి

మా సొసైటీలో ఒకప్పుడు చదువుల గది ఉండేది. ఒక నూలు వ్యాపారి దానంగా బెంచీలు, బీరువా, ఫ్యాను ఇచ్చాడు. ప్రారంభం ఘనంగా జరిగింది. పేపరు డబ్బు ఎవరు కడతారని ఎవరూ అనుకోలేదు. రెండేళ్లకు పేపరు ఆగింది. మూడో ఏడు గదిలో నూలు మూటలు పెట్టాం. ఆ మూటలు పెట్టించింది నేనే, గోడౌను చాలలేదని. దానం ఇచ్చినవాడి తప్పు లేదు, మాదే తప్పు.

అయిదేళ్ల క్రితం మహాసభలో తీర్మానం చేసి చీరకు ఒక రూపాయి చొప్పున కూలిలో పట్టుకుని గది మళ్లీ తెరిచాం. అరవం పేపరు, తెలుగు పత్రిక, పోటీ పరీక్షల పుస్తకాలు, పిల్లలకు బొమ్మల కథలు వస్తున్నాయి. ఆ తీర్మానం గడువు ఈ ఏడు అయిపోతుంది. మళ్లీ పొడిగించాలా వద్దా అని ఈసారి మహాసభలో చేతులెత్తాలి.

వద్దనేవాళ్ల మాట కొట్టిపారేయడానికి లేదు. కూలి పెరగలేదు, రూపాయి అయినా రూపాయే. పిల్లలు సెల్లు చూస్తున్నారు, పేపరు ఎవరు చదువుతారంటున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మన డబ్బు పడుతోంది గనక మన షరతులు మనం పెడదాం. హోమ్‌స్టెడ్‌వాళ్లు అడిగింది గుర్తుంచుకుని, గది పగలు కాదు, మగ్గం దిగాక సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరుద్దాం. అట్లాంటాలో జరిగిన తప్పు మనం చేయకుండా, సొసైటీ సభ్యులు కాని పడుగు పోసేవాళ్లకు, కండెలు చుట్టే ఆడవాళ్లకు, వాళ్ల పిల్లలకు కూడా పుస్తకం ఇంటికి ఇద్దాం. రూపాయి రూపాయికి లెక్క గోడ మీద అంటిద్దాం. లెక్క చూసి నచ్చకపోతే అయిదేళ్లకు మళ్లీ మీ చేతిలోనే ఉంది.

ఎవరు చదువుతున్నారని మా అమ్మ అడిగింది కదా. మా గదిలో రోజూ సాయంత్రం ఒక పిల్ల వస్తుంది. వాళ్లమ్మ కండెలు చుడుతుంది. బ్యాంకు పరీక్షకు చదువుతోంది. ఇంట్లో మగ్గం చప్పుడుకు చదువు సాగదట. అమ్మకు ఆ పిల్ల గురించి చెప్పాను. విని, ఆ రూపాయి పట్టుకోండి నాయనా అంది.

మిగతా ఊళ్ల సొసైటీలవారూ మీ ఇంటి పన్ను రసీదులో ఆ వరుస ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఉంటే వెళ్లి మీ శాఖలో పేరు రాయించుకోండి. లేకపోతే మీరే మొదలుపెట్టండి. డన్‌ఫర్మ్‌లిన్‌లో మొదలుపెట్టినవాళ్ల దగ్గరా డబ్బు లేదు.

ఇట్లు
మీ చేనేత సహకార సంఘం సెక్రటరీ